కువైట్ నుంచి ఇంటికి: సెటిల్‌మెంట్ డబ్బు ఎన్నేళ్ళు వస్తుంది?

కువైట్‌లో మనవాళ్ళ గదుల్లో తరచుగా వినిపించే మాట "ఇంకో రెండేళ్ళు చూసి వెళ్ళిపోతాను" అన్నది. ఆ రెండేళ్ళు ఇరవై ఏళ్ళు కావడం చాలామంది విషయంలో చూశాను. నేను ఫర్వానియాలో ఒక కంపెనీ అకౌంట్స్‌లో పని చేస్తాను. ఉద్యోగం మానేసి వెళ్ళేవాళ్ళకు ఫైనల్ సెటిల్‌మెంట్ లెక్క వేయడం నా పనుల్లో ఒకటి. ఎదురుగా కూర్చున్న మనిషి అడిగేది ఒకటే: "మొత్తం ఎంతొచ్చిందన్నా?" ఆ డబ్బు ఎన్నేళ్ళు వస్తుందని మాత్రం ఇంతవరకు ఎవరూ అడగలేదు. అడగని ఆ ప్రశ్న గురించే ఈ వ్యాసం.

ముందుగా ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. కువైట్‌లో మనకు పింఛను లేదు. ఇక్కడి సామాజిక భద్రతా సంస్థ కువైటీలకు, గల్ఫ్ సహకార మండలి దేశాల పౌరులకు మాత్రమే. ఇండియాలో ప్రైవేటు ఉద్యోగి జీతంలో పీఎఫ్ కోత పడుతుంది, దానికి యజమాని వాటా కలుస్తుంది. ఇక్కడ కోతా లేదు, వాటా లేదు. ఆదాయపు పన్ను లేదని సంతోషపడతాం గానీ, ముసలితనానికి ఎవరూ పక్కన పెట్టడం లేదన్నది అదే జీతం చీటీలో రెండో సగం.

మన దేశం ఒకసారి ప్రయత్నించింది. ఈసీఆర్ పాస్‌పోర్టు మీద గల్ఫ్‌కి వచ్చే కార్మికుల కోసం 2012లో మహాత్మా గాంధీ ప్రవాసీ సురక్షా యోజన పెట్టారు. కార్మికుడు దాచుకున్నదానికి ప్రభుత్వం కొంత కలిపేది. చేరినవాళ్ళు బాగా తక్కువ. 2017లో ఆపేశారు. కేరళలో ప్రవాసీ సంక్షేమ బోర్డు ఉంది. నెలనెలా చందా కట్టిన మలయాళీకి 60 ఏళ్ళ తర్వాత అక్కడి నుంచి పింఛను వస్తుంది. మనవాళ్ళు రాయచోటి నుంచి, రాజంపేట నుంచి, కోనసీమ నుంచి, నిజామాబాద్, కరీంనగర్ నుంచి దశాబ్దాలుగా వస్తున్నా ఎవరి ఏర్పాటు వాళ్ళే చేసుకోవాల్సిన పరిస్థితి.

సర్వీసు డబ్బు లెక్క

మరి చేతికొచ్చేది ఏమిటి? ప్రైవేటు రంగానికి 2010లో వచ్చిన 6వ నంబరు కార్మిక చట్టం ప్రకారం, నెల జీతగాడికి మొదటి ఐదేళ్ళలో ఏడాదికి 15 రోజుల జీతం, ఆ తర్వాత ఏడాదికి ఒక నెల జీతం. రోజు జీతం అంటే నెల జీతాన్ని 26తో భాగించాలి, 30తో కాదు. ఈ చిన్న తేడా చూసుకోని వాళ్ళు చాలామంది. లెక్కకు తీసుకునేది ఆఖరి జీతం. రాజీనామా చేస్తే, మూడేళ్ళ లోపు ఏమీ రాదు, మూడు నుంచి ఐదేళ్ళ మధ్య సగం, ఐదు నుంచి పదేళ్ళ మధ్య మూడింట రెండు వంతులు, పదేళ్ళు నిండితే పూర్తిగా. మొత్తం మీద ఏడాదిన్నర జీతం దాటకూడదు. చాలామందికి తెలియనిది ఈ ఆఖరి ముక్కే.

ఆఖరి జీతం 300 దినార్లు అనుకుందాం. మొదటి ఐదేళ్ళకు వచ్చేది 865 దినార్లు. పదేళ్ళకు 2,365. ఇరవై ఏళ్ళకు 5,365. గరిష్ఠ పరిమితి 18 నెలల జీతం, అంటే 5,400. కాబట్టి 21వ ఏడాది పని చేసినందుకు సర్వీసులో కలిసేది 35 దినార్లు. 22వ ఏడాదికి సున్నా. జీతం పెరిగితే తప్ప, ఒకే కంపెనీలో ఇరవై ఏళ్ళు దాటాక సర్వీసు డబ్బు అంగుళం కూడా కదలదు. "ఇంకో నాలుగేళ్ళు ఉంటే సెటిల్‌మెంట్ పెరుగుతుంది కదా" అనుకుని మోకాళ్ళ నొప్పులతో ఆగినవాళ్ళకు నేను ఈ లెక్క కాగితం మీద వేసి చూపిస్తాను.

ఆ 5,400 దినార్లను దినారుకు 270 రూపాయల చొప్పున మారిస్తే 14 లక్షల 58 వేలు. ఇంటి ఖర్చు నెలకు 30 వేలైతే నాలుగేళ్ళకు అయిపోతుంది. ఇరవై ఏళ్ళ చాకిరీకి నాలుగేళ్ళ భోజనం.

కంపెనీ మారితే సర్వీసు మళ్ళీ ఒకటో ఏడాది నుంచి మొదలవుతుంది. అందుకే రిలీజ్ తీసుకునేటప్పుడే పాత లెక్క తేల్చుకోవాలి. బ్యాంకులో లోను ఉంటే సర్వీసు డబ్బు కూడా ఆ ఖాతాకే వెళ్తుంది, బ్యాంకు ముందు తన బాకీ పట్టుకుంటుంది. లెక్కలో తేడా వస్తే లేబర్ ఆఫీసులో ఫిర్యాదు పెట్టుకునే హక్కు ఉంది. ఉద్యోగం ముగిసిన ఏడాది దాటితే దావా చెల్లదు కాబట్టి "ఊరికెళ్ళి వచ్చాక చూద్దాం" అనకండి.

ఇళ్ళల్లో పనిచేసే అక్కాచెల్లెళ్ళకు, డ్రైవర్లకు వేరే చట్టం వర్తిస్తుంది. 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం వాళ్ళకు ఏడాదికి ఒక నెల జీతం సర్వీసు రావాలి. ఇల్లు మారిన ప్రతిసారీ పాత ఇంట్లో దీన్ని అడగాలి. అడగనిదే ఇచ్చిన ఇల్లు నాకు ఎక్కువ కనబడలేదు.

వెళ్ళే తేదీ మన చేతిలో ఉండదు

ఇక్కడ ఎన్నేళ్ళున్నా మన ఉనికి అకామా మీద నిలబడి ఉంటుంది. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం వచ్చినప్పుడు బ్యాంకులు మూతపడ్డాయి, దినారునే రద్దు చేశారు. చేతిసంచులతో మనవాళ్ళు ఎడారి దాటి అమ్మాన్ చేరారు. అక్కడి నుంచి ఎయిరిండియా విమానాల్లో బొంబాయికి చేరిన భారతీయులు 1,70,000 పైనే. తర్వాత ఐక్యరాజ్యసమితి నష్టపరిహారం ఇచ్చింది, విడిచి వెళ్ళినందుకు ఒక్కో మనిషికి 2,500 డాలర్ల నుంచి. అది చేతికి అందేసరికి ఏళ్ళు గడిచాయి.

యుద్ధమే రానక్కర్లేదు. 2021 జనవరి నుంచి డిగ్రీ లేని 60 ఏళ్ళు నిండినవాళ్ళకు వర్క్ పర్మిట్ రెన్యువల్ ఆపేశారు. ఏడాది తర్వాత 250 దినార్ల ఫీజు, ప్రైవేటు ఆరోగ్య బీమా షరతులతో మళ్ళీ అనుమతించారు. అలాంటి నిర్ణయాలు ఒక సర్క్యులర్‌తో వస్తాయి, మరో సర్క్యులర్‌తో పోతాయి. ఆ ఏడాదిలో ముప్పై ఏళ్ళ ఫోర్‌మన్లు, మెకానిక్కులు పెట్టెలు సర్దుకున్నారు. అందుకని నా సలహా: మీరు అనుకున్న తేదీకి మూడేళ్ళు ముందే వెళ్ళాల్సి వస్తే ఏం చేస్తారో కూడా ఒక కాగితం మీద రాసుకోండి.

ఎంత కావాలి?

పెద్ద పెద్ద సూత్రాలు అక్కర్లేదు. బ్యాంకు వడ్డీ, ధరల పెరుగుదల ఒకదానికొకటి చెల్లు అనుకుంటే, 25 ఏళ్ళ జీవితానికి 25 ఏళ్ళ ఖర్చు కావాలి. నెలకు 30 వేలంటే ఏడాదికి 3 లక్షల 60 వేలు, మొత్తం 90 లక్షలు. ఇంటి పైవాటా అద్దెగానీ కౌలుగానీ నెలకు 10 వేలు వస్తే దాచాల్సింది 60 లక్షలకు దిగుతుంది. ఇది ఈ రోజే వెళ్ళేవాళ్ళ లెక్క. ధరలు ఏడాదికి 6 శాతం పెరిగితే పన్నెండేళ్ళలో రెట్టింపవుతాయి. పన్నెండేళ్ళ తర్వాత వెళ్ళేవాళ్ళకు అదే ఇంటి ఖర్చు 60 వేలు.

ఇంకో మాట. ఈ లెక్క మీ వయసుతో వేయకండి, మీ భార్య వయసుతో వేయండి. మన ఇళ్ళల్లో ఆమె ఐదారేళ్ళు చిన్నది, సాధారణంగా ఆడవాళ్ళ ఆయుష్షూ ఎక్కువే. మీకు 80 దాకా సరిపోయే డబ్బు ఆమెను 74లో పిల్లల మీద ఆధారపడేలా చేస్తుంది.

నెలకు 100 దినార్లు, అంటే 27 వేల రూపాయలు, 15 ఏళ్ళు 7 శాతం వడ్డీ మీద దాస్తే 85 లక్షలు దాటుతుంది. కానీ 6 శాతం ధరల పెరుగుదలతో చూస్తే ఆ 85 లక్షలు ఈనాటి 35, 36 లక్షలతో సమానం. నిరాశపరచడానికి చెప్పడం లేదు. జీతం పెరిగినప్పుడల్లా దాచేదీ పెంచకపోతే సరిపోదని చెబుతున్నాను.

దినారు రేటు మనల్ని ఒక భ్రమలో ఉంచుతుంది. 2007 ప్రాంతంలో దినారుకు 140, 150 రూపాయలు వచ్చేవి. ఇప్పుడు 270 దాటింది. జీతం పదేళ్ళుగా కదలకపోయినా ఇంటికి పంపే రూపాయలు పెరుగుతూ వచ్చాయి, ధరల పెరుగుదల మనకు తెలియలేదు. విమానం ఎక్కిన రోజుతో ఆ వసతి ఆగిపోతుంది. ధరలు మాత్రం ఆగవు.

ఎక్కడ దాచాలి?

ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం ఎన్‌ఆర్‌ఈ ఖాతాలో వడ్డీకి ఇండియాలో పన్ను లేదు. ఎన్‌ఆర్‌ఓలో ఉంది, 30 శాతం పైనే ముందుగా కోస్తారు. ఎఫ్‌సీఎన్‌ఆర్ డిపాజిట్ డాలర్ల వంటి విదేశీ కరెన్సీలోనే ఒకటి నుంచి ఐదేళ్ళు ఉంటుంది, రూపాయి పడిపోయినా మీ సొమ్ముకు దెబ్బ లేదు. ఇంటికి తిరిగి వచ్చాక కూడా దాని గడువు దాకా కొనసాగించుకోవచ్చు. ఎన్‌ఆర్‌ఈ ఖాతాను మాత్రం వచ్చిన వెంటనే మామూలు ఖాతాగా మార్పించాలి. ఎక్కువకాలం ఇక్కడ ఉండి వెళ్ళినవాళ్ళకు మొదటి రెండేళ్ళు ఆదాయపు పన్ను చట్టంలో మధ్యరకం హోదా ఉంటుంది, విదేశంలో మిగిలిన సొమ్ము మీద ఆదాయానికి ఆ కాలంలో సాధారణంగా పన్ను పడదు. ఈ వెసులుబాటు కోసమైనా, వెళ్ళే ముందు ఒక గంట ఆడిటర్ దగ్గర కూర్చోండి.

ఎన్‌పీఎస్‌లో ఎన్‌ఆర్‌ఐలు చేరవచ్చు. కొంత భాగంతో నెలనెలా పింఛను తప్పనిసరి కాబట్టి కొందరికి నచ్చదు. నాకు నచ్చేది అదే, బావమరిది అడిగినా తీసి ఇవ్వలేం. పీపీఎఫ్ ఎన్‌ఆర్‌ఐగా కొత్తగా తెరవడానికి వీల్లేదు, ముందే ఉంటే 15 ఏళ్ళ గడువు దాకా నడపవచ్చు. పోస్టాఫీసులో సీనియర్ సిటిజన్ పథకం ఎన్‌ఆర్‌ఐలకు లేదు. ఇంటికొచ్చి స్థిరపడ్డాక, 60 నిండితే 30 లక్షల దాకా వేసుకోవచ్చు, మూడు నెలలకోసారి వడ్డీ వస్తుంది. సర్వీసు డబ్బు నిలబెట్టుకోవడానికి ఇంతకన్నా తేలికైన చోటు నాకు కనిపించదు. ఊళ్ళో ఉన్న భార్యకు 40 లోపు వయసుండి, ఆదాయపు పన్ను కట్టే పరిస్థితి లేకపోతే అటల్ పింఛను యోజనలో చేర్పించండి. 60 నుంచి నెలకు వెయ్యి నుంచి ఐదు వేల వరకు ఆమె పేరున వస్తుంది.

ఇక స్థలాలు. మనవాళ్ళ పొదుపంటే ముందు ఇల్లు, తర్వాత ప్లాటు, తర్వాత ఇంకో ప్లాటు. కడప వైపు, కోనసీమ వైపు కువైట్ డబ్బుతో లేచిన మూడంతస్తుల ఇళ్ళు ఎన్నో. కింద ఒక వాటాలో అమ్మానాన్నలు, పైన తాళాలు. ప్లాటు ధర పెరుగుతుంది, కాదనను. కానీ ప్రతి నెలా మందులషాపుకు ప్లాటులో ఒక మూల కోసి ఇవ్వలేం. అవసరమైన రోజున కొనేవాడు దొరకడు. పైగా ఎన్‌ఆర్‌ఐగా ఉన్నంతకాలం వ్యవసాయ భూమి కొనడానికి మనకు చట్టం ఒప్పుకోదు, వారసత్వంగా వస్తే ఉంచుకోవచ్చు. అందుకని తమ్ముడి పేరుమీద కొంటారు. కాగితం మీద అది తమ్ముడిదే, తమ్ముడి తర్వాత తమ్ముడి పిల్లలది. నా మాట వింటే రెండో ప్లాటు దగ్గర ఆగి, మూడోదాని డబ్బు వడ్డీ వచ్చే చోట పెట్టండి. నూటికి రెండు రూపాయల వడ్డీకి ఊళ్ళో తిప్పడం, రిజిస్టర్ కాని చీటీలు వేయడం గురించి వేరే చెప్పనక్కర్లేదనుకుంటాను.

ఆడవాళ్ళ డబ్బు

కువైట్ ఇళ్ళల్లో వంట చేసి, పిల్లల్ని పెంచి, ముసలివాళ్ళకు సేవ చేసి పంపే తెలుగు ఆడవాళ్ళు వేలల్లో ఉన్నారు. జీతం మొత్తం భర్త ఖాతాకో, అన్న ఖాతాకో వెళ్తుంది. పదిహేనేళ్ళ తర్వాత ఇంటికి వెళ్ళినప్పుడు ఆమె పేరున పాస్‌బుక్ కూడా ఉండదు. ఇల్లు కట్టి ఉంటుంది, పట్టా వేరే పేరున ఉంటుంది. అమ్మా, మీకు చెప్పేది ఒకటే. సెలవులో వెళ్ళినప్పుడు మీ ఒక్కరి పేరున ఎన్‌ఆర్‌ఈ ఖాతా తెరిపించుకుని, ప్రతి నెలా ముందు 20 దినార్లు అందులో వేశాక మిగతాది ఇంటికి పంపండి. ఇంట్లో గొడవవుతుందనుకుంటే, అది ముసలితనం కోసమని పెద్దవాళ్ళ ముందు ఒకసారి చెప్పేయండి. నామినీగా ఎవరిని రాశారో కూడా గుర్తుంచుకోండి.

ఈసీఆర్ పాస్‌పోర్టువాళ్ళకు ప్రవాసీ భారతీయ బీమా యోజన కింద ప్రమాద మరణానికి, శాశ్వత వైకల్యానికి 10 లక్షల బీమా ఉంది. ప్రీమియం రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయలు. వచ్చేటప్పుడు కట్టి, ఆ తర్వాత రెన్యువల్ మర్చిపోయేవాళ్ళే ఎక్కువ. 2024 జూన్ 12న మంగఫ్ భవనంలో మంటలు అంటుకుని 40 మందికి పైగా భారతీయులు పోయారు, అందులో మన ఆంధ్రావాళ్ళూ ఉన్నారు. ఈ రాత్రే మీ పాలసీ తేదీ చూసుకోండి.

ఆరోగ్యం, ఆ తర్వాతి రోజులు

అన్నిటికంటే ముందు, ఇక్కడ ఉండగానే చేయాల్సిన పని ఇండియాలో ఆరోగ్య బీమా. షుగరు, బీపీ ముందే ఉంటే ఆ జబ్బులకు పాలసీ తీసుకున్న నాటి నుంచి మూడేళ్ళ దాకా బీమా వర్తించకపోవచ్చు. 58లో ఇంటికెళ్ళి అప్పుడు పాలసీ కొంటే 61 దాకా సొంత డబ్బే. అదే 54లో సెలవుకెళ్ళినప్పుడు దంపతులిద్దరికీ తీసుకుంటే, విమానం దిగేసరికి ఆ గడువు అయిపోయి ఉంటుంది. ఉన్న జబ్బు దాచవద్దు, క్లెయిము రోజున బయటపడుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత, కుటుంబ ఆరోగ్య పాలసీల మీద జీఎస్టీ కూడా తీసేశారు. 70 దాటిన ప్రతివారికీ ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్‌లో ఏడాదికి 5 లక్షల వైద్యం ఉంది, ఇంట్లో పెద్దవాళ్ళకు ఆ కార్డు తీయించారో లేదో అడగండి.

పన్నెండు గంటల డ్యూటీకి అలవాటుపడ్డ మనిషికి ఇంటి దగ్గర మొదటి ఆరు నెలలు కష్టం. ఇరవై ఏళ్ళు ఇంటిని ఆమె నడిపింది. పాలవాడి లెక్క దగ్గర నుంచి పిల్ల పెళ్ళి దాకా ఆమె చూసుకుంది. మనం వెళ్ళి మొదటి రోజే ఫ్యాను ఎందుకు తిరుగుతోందని అడిగితే పోరు మొదలవుతుంది. పైగా ఊళ్ళో "కువైట్ బాబాయ్" అంటే అప్పు కాసే చెట్టు. చేబదుళ్ళు, హామీ సంతకాలు తినేసినంత డబ్బు ఆసుపత్రులు కూడా తినలేదని నా అనుమానం. సర్వీసు డబ్బుతో హోటలో, వాటర్ ప్లాంటో పెట్టాలనుకునేవాళ్ళకు నేను చెప్పేది, ముందు ఆరు నెలలు అలాంటి చోట జీతానికి పని చేసి చూడమని. ఏసీ మెకానిక్‌కు, ఎలక్ట్రీషియన్‌కు, క్రేన్ ఆపరేటర్‌కు, వంట మాస్టర్‌కు చేతిలో ఉన్న పనే పెట్టుబడి. రోజుకు నాలుగు గంటలు చేసినా మందుల ఖర్చు వెళ్తుంది, మనిషీ చురుగ్గా ఉంటాడు.

దీనికి ఒక రిహార్సల్ ఉంది. రెండేళ్ళకోసారి వచ్చే రెండు నెలల సెలవులో ఒకసారి పెట్టెలు నింపుకోకుండా, విందులు పెట్టకుండా, రేపు వచ్చే ఆదాయం ఎంతో అంతలోనే బతికి చూడండి. బంధువులు పిసినారి అంటారు. మీకు మాత్రం నిజమైన నెల ఖర్చు తెలుస్తుంది.

బయల్దేరే ముందు

ఆఖరి మూడు నెలల్లో చేయాల్సినవి: సర్వీస్ సర్టిఫికెట్, సెటిల్‌మెంట్ కాగితం నకలు తీసుకోవడం, బ్యాంకు బాకీ లేదన్న ఉత్తరం, ఫోను బిల్లులు, ట్రాఫిక్ జరిమానాలు కట్టేయడం. బాకీ ఉంటే ఎయిర్‌పోర్టులో ఆపేస్తారు. 2025 జూలై 1 నుంచి 18వ నంబరు అకామా వాళ్ళకు కంపెనీ ఆమోదించిన ఎగ్జిట్ పర్మిట్ కూడా కావాలి, సహెల్ యాప్‌లో వస్తుంది. ఊళ్ళో ఆస్తి పనికి పవర్ ఆఫ్ అటార్నీ ఎవరికైనా ఇచ్చి ఉంటే, వెళ్ళాక రద్దు చేయాల్సింది ఏదో జాబితా రాసుకోండి. సెటిల్‌మెంట్ డబ్బు మీరు ఇంకా ఎన్‌ఆర్‌ఐగా ఉండగానే మీ ఎన్‌ఆర్‌ఈ ఖాతాకు చేరేట్టు చూసుకోండి. ఇండియా మొబైల్ నంబరు రోమింగ్‌లో బతికి ఉందో లేదో ఇప్పుడే సరిచూసుకోండి. బ్యాంకు, ఆధార్, బీమా అన్నిటికీ ఓటీపీ దానికే వస్తుంది, అది పోతే ఇక్కడి నుంచి మళ్ళీ తెచ్చుకోవడం ఒక నెల పని.